సుగ్గికి పోయినారు!

వంటింట్లోకి ఏదో పనిమీద వెళ్తాం. తీరా వెళ్లాక ఎందుకొచ్చామో గుర్తుకురాదు! ఇంగ్లిషులో దీనికో మాట లేదు. డగ్లస్ ఆడమ్స్, జాన్ లాయిడ్ అనే రచయితలు ఊరుకోలేదు. పేరు లేని ఇలాంటి అనుభవాలను పోగేసి, వాటికి ఊళ్ల పేర్లు తగిలించి 1983లో ‘ద మీనింగ్ ఆఫ్ లిఫ్’ అనే సరదా నిఘంటువు తెచ్చారు. వంటింటి మతిమరుపునకు అందులో లండన్ దగ్గర్లోని ‘వోకింగ్’ ఊరి పేరు దక్కింది. (మన ‘ఎంగిలి’కి మాత్రం ఇంగ్లిషులో సరైన మాట ఇప్పటికీ లేదు. ఉగ్గానిని మరమరాల ఉప్మా అంటే ఆదోనివాళ్లూ ఒప్పుకోరు!)

ఉన్న మాటకు కొత్త అర్థం తొడగడం కర్నూలు పడమటి పల్లెలకూ తెలుసు. ‘సుగ్గి’ అంటే పక్కనున్న కన్నడంలో పంటకోతల కాలం, గాదెలు నిండే పండగ రోజులు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వైపు ‘సుగ్గికి పోయినారు’ అన్నారంటే ఆ ఇంటికి తాళం పడిందన్నమాట. వానను నమ్ముకున్న తమ చేలో పని అయిపోగానే, గుంటూరు వైపు మిరప కోతలకో, పత్తి తీయడానికో పిల్లాజెల్లాతో బయల్దేరతారు. కోసేది వీళ్లు, పంట ఇంకొకరిది. ముసలివాళ్లు ఊళ్లోనే ఉండిపోతారు. బడి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెడుతుంటారు. అయినా కొందరు అమ్మానాన్నల వెంటే చేలకు వెళ్తారు.

అధికారుల కాగితాల్లో దీని పేరు ‘వలస’. ఆ మాటలో పోవడమే వినిపిస్తుంది. సుగ్గికి పోయినవాళ్లు తిరిగొస్తారు. కోతలు ముగిశాక, ఉగాదికల్లా తాళాలు తీస్తారు.