ఆయిల్ ముల్లు ఏం చెబుతుంది?

సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు కవిత రాద్దామనుకున్నాను. కానీ మన హాస్టల్లో కవులకు కొదవ లేదు కదా! అందుకని ఇంజను గురించి రాస్తున్నాను. మనలో చాలామంది ఇళ్లల్లో నాన్నో, బాబాయో, అన్నో స్టీరింగ్ పట్టుకునే ఇల్లు గడుపుతున్నారు. ముదిగొండ చుట్టుపక్కల పొలాల్లో ట్రాక్టరు తోలేవాళ్లున్నారు, ఖమ్మం గ్రానైట్ లారీల మీద పోయేవాళ్లున్నారు, హైదరాబాదులో కార్లు నడిపేవాళ్లున్నారు. వీళ్లందరి కళ్ల ముందూ ఆయిల్ ప్రెషర్ ముల్లు గానీ, ఎర్ర లైటు గానీ ఉంటుంది.

నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మా నాన్న ఒక ఆసామి దగ్గర ట్రాక్టరు డ్రైవరు. దమ్ము చేసే రోజుల్లో, ఇంజను కాగిన తర్వాత ముల్లు పడిపోతోందనీ, రేస్ ఇస్తే లేవకపోగా ఊగుతూ ఇంకా కిందికి పోతోందనీ రెండు రోజులు చెప్పాడట. "వేడెక్కితే ముల్లు పడుద్దిలే, తోలు" అన్నారు. మూడో రోజు ఇంజను పట్టేసింది. తప్పు డ్రైవరుదేనని తేల్చి, రిపేరు ఖర్చులో సగం నాన్న జీతంలో కోసుకున్నారు. వేడెక్కితే ముల్లు పడుతుందన్న మాట అబద్ధం కాదు. అందుకే నాన్న ఎదురు చెప్పలేకపోయాడు. ఆ మాట ఎంతవరకు నిజమో నాకు ఎమ్మెస్సీలో స్నిగ్ధత పాఠం చదివాక గానీ తెలియలేదు.

ముందుగా ఒక విషయం. ముల్లు ఇంజనులో ఆయిల్ ఎంత ఉందో చెప్పదు. అది చెప్పేది డిప్‌స్టిక్. ఇంజను అడుగున చాంబర్లో ఉన్న ఆయిల్‌ను పంపు స్టైనరు గుండా పీల్చి, ఫిల్టరు దాటించి, క్రాంక్ బేరింగులకు తోస్తుంది. పంపు చేసే పని తోయడమే. ప్రెషర్ పుట్టేది ఎదురయ్యే అడ్డు వల్ల. నీళ్ల పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు ఎంత జోరుగా చిమ్ముతాయో మనందరికీ తెలుసు. ఇంజనులో ఆ బొటనవేలు బేరింగుకూ క్రాంకుకూ మధ్య ఉన్న సందు. అది సుమారు 0.05 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుక కంటే సన్నం. ఆయిల్ చిక్కగా ఉంటే ఆ సందులోంచి మెల్లగా జారుతుంది, ముల్లు పైకి లేస్తుంది. పలచబడితే త్వరగా జారిపోతుంది, ముల్లు దిగుతుంది. బేరింగు అరిగి సందు పెద్దదైనా ముల్లు దిగుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. మంచి కారణానికీ చెడ్డ కారణానికీ ముల్లు ఒకేలా కదులుతుంది.

ఆయిల్ ఎంత పలచబడుతుందో చూడండి. మన ట్రాక్టర్లలో, లారీల్లో ఎక్కువగా పోసే 15డబ్ల్యు-40 ఆయిల్ స్నిగ్ధత 40 డిగ్రీల వద్ద 100 సెంటీస్టోకులకు పైనే ఉంటుంది. 100 డిగ్రీలకు వచ్చేసరికి అది 12.5 నుంచి 16.3 మధ్యకు పడిపోతుంది. ఇంచుమించు ఏడోవంతు!

వేగంగా పోయే పెద్ద కార్లలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పొద్దున్నే స్టార్టు చేయగానే ముల్లు 60–80 పీఎస్ఐ చూపిస్తుంది. (మన కారు టైరులో గాలి 30 పీఎస్ఐ ప్రాంతంలో ఉంటుంది, పోల్చుకోండి.) అంతకు మించి మరీ పెరగకుండా రిలీఫ్ వాల్వు తెరుచుకుని మిగులు ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తుంది. ఆయిల్ బాగా కాగిన తర్వాత సిగ్నల్ దగ్గర ఆగితే అదే ముల్లు 15–25కు దిగుతుంది. కొత్తగా కొన్నవాళ్లు అది చూసి కంగారుపడి మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. మళ్లీ యాక్సిలరేటర్ తొక్కితే 50–60కి పోతుంది. ప్రతి 1000 ఆర్పీఎంకు 10 పీఎస్ఐ ఉండాలని పాత మెకానిక్‌ల లెక్క ఒకటుంది. అది ఉజ్జాయింపు మాత్రమే. ఆ బండి పుస్తకంలో రాసిన అంకే ప్రమాణం. పైగా ఇప్పటి కొన్ని కార్లలో డీజిలు, పెట్రోలు ఆదా కోసం ప్రెషర్‌ను కావాలనే తగ్గించే పంపులు ఉంటున్నాయి.

మరి 15 పీఎస్ఐ టన్నుల బరువు దెబ్బలను ఎలా ఆపుతుంది? నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఇదే. 1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఆయిల్ పోయడానికి బేరింగు పైన ఒక రంధ్రం వేశాడు. ఇరుసు తిరుగుతుంటే ఆ రంధ్రంలోంచి ఆయిల్ పైకి ఉబికింది. బిరడా కొడితే ఎగిరిపోయింది. చెక్క మేకు కొట్టినా బయటికి తన్నేసింది. చివరికి గేజి బిగిస్తే 200 పీఎస్ఐ దాటింది. ఆ బేరింగు మీద ఉన్న సగటు బరువు చదరపు అంగుళానికి 100 పౌండ్లే! అక్కడ పంపే లేదు. తిరిగే ఇరుసే ఆయిల్‌ను సన్నని సందులోకి ఈడ్చుకుపోయి, ఆ పొర మీద తానే తేలుతోంది. 1886లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితం రాశాడు. కాబట్టి బరువు మోసేది పంపు ప్రెషర్ కాదు. పంపు పని ఆ పొరకు ఆయిల్ అందించడం. మనం చూసే ముల్లు ఆ సరఫరా సంగతి చెబుతుంది. నెమ్మదిగా తిరిగే ఇంజనుకు కొద్ది సరఫరా చాలు. రేస్ పెరిగితే ఎక్కువ కావాలి.

అందుకే ముల్లును ఒంటరిగా చదవకూడదు, రేసుతో కలిపి చదవాలి. కాగిన ఇంజను ఐడ్లింగులో ముల్లు దిగడం మామూలే. రేస్ ఇచ్చినా లేవకపోతే మాత్రం ప్రమాదం. వేగంగా మలుపు తిరిగేటప్పుడు ఒక్కసారిగా పడినా ప్రమాదమే. చాంబర్లో ఆయిల్ ఒక పక్కకు పోగై, పంపు గాలి పీలుస్తోందన్నమాట. రేసు కార్లలో అందుకే ఆయిల్‌ను వేరే ట్యాంకులో ఉంచుతారు. ఆయిల్ తక్కువగా ఉన్న ట్రాక్టరు గట్టు మీదికి ఒరిగినప్పుడూ ఇలాగే జరగవచ్చు. (2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లకు ఈ బాధ లేదు. అవి కరెంటు బండ్లు, వాటికి క్రాంకే లేదు.)

ఆ రోజు ఇంజను విప్పినప్పుడు స్టైనరుకు నల్లటి మడ్డి పట్టి ఉండటం నాన్న చూశాడు. వేళకు ఆయిల్ మార్చని బండ్లకు అలాగే పడుతుంది. రేస్ పెంచినకొద్దీ పంపుకు ఎక్కువ ఆయిల్ కావాలి, మూసుకున్న స్టైనరు ఇవ్వలేదు. ముల్లు ఊగుతూ పడింది అందుకే. ఇది చెబితే నాన్న, "ముల్లు అట్ల పడగూడదని నాకు ఎరికేరా, ఎందుకో చెప్పడమే రాలే" అన్నాడు.

ముల్లు లేని బండ్ల సంగతి కూడా చెబుతాను. చాలా బండ్లలో ఎర్ర లైటు ప్రెషర్ 4–7 పీఎస్ఐకి పడిపోయాక గానీ వెలగదు. రోడ్డు మీద వేగంగా పోతుండగా అది వెలిగిందంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట. షెడ్డు దాకా పోదాంలే అనుకోకుండా పక్కకు తీసి ఇంజను ఆపాలి. బండి సమంగా ఉన్న చోట కొద్ది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడాలి. ఆయిల్ సరిగ్గా ఉన్నా లైటు ఆరకపోతే మళ్లీ స్టార్టు చేయవద్దు. ఒక్కోసారి స్విచ్చే పాడై ఉంటుంది. దాన్ని విప్పి ఆ చోట మెకానిక్ గేజి బిగిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

నాన్న ఇప్పుడు ఇంకొకరి ట్రాక్టరు తోలుతున్నాడు. ఆ గేజి అద్దం మీద చెల్లెలి నెయిల్ పాలిష్‌తో రెండు చుక్కలు పెట్టాడు. ఒకటి కాగిన ఇంజను ఐడ్లింగులో ముల్లు నిలిచే చోటు, రెండోది దమ్ములో రేస్ మీద ఉన్నప్పుడు నిలిచే చోటు.