మా జిల్లాకి సముద్రం ఉంది

నేను పుట్టింది, పెరిగింది తిరుపతిలోనే. సముద్రం అంటే నాకు చెన్నై మెరీనా బీచే. పోయిన సెమిస్టర్లో హాస్టల్లో కొత్త రూమ్మేట్ వచ్చాడు. వాకాడు దగ్గర ఊరంట. "అయితే నెల్లూరు జిల్లానా?" అన్నాను. "కాదు మామా, మీ జిల్లానే. మా ఇంటికి సముద్రం దగ్గర, కలెక్టరాఫీసే దూరం" అన్నాడు.

2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లాలో కొంత, నెల్లూరు జిల్లా దక్షిణ భాగంలో కొంత కలిపి తిరుపతి జిల్లా చేశారు. అలా వాకాడు, సూళ్లూరుపేట, పులికాట్ సరస్సు, శ్రీహరికోట మన లెక్కలోకి వచ్చాయి. (చంద్రయాన్-3 ఎగిరింది మన జిల్లా నుంచే. ఆ రోజు స్టేటస్ పెట్టినప్పుడు నాకు ఈ సంగతి తెలీదు!)

వాకాడు మండలంలోనే దుగరాజపట్నం ఉంది. ఇప్పుడది తీరం పక్కన మామూలు పల్లె. కానీ 1626 ప్రాంతంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ సరుకు కొనే స్థావరం పెట్టింది, కాపలాకి ఫిరంగులు కూడా తెచ్చుకుంది. పులికాట్‌లో అప్పటికే డచ్చివాళ్లు కోట కట్టుకుని కూర్చున్నారు, అక్కడ వీళ్లకి కుదరలేదు. తమకి సాయం చేసిన ఆరుముగం ముదలియార్ పేరు మీద ఈ చోటుని ఆర్మగాన్ అన్నారని చెప్తారు. మన నేతగాళ్ల బట్ట కొని ఓడలెక్కించడమే పని. అది అనుకున్నంత సాగలేదు, అక్కడి నాయకుడితోనూ పొసగలేదు. దాంతో ఫ్రాన్సిస్ డే అనే కంపెనీ ఉద్యోగి తీరం వెంబడి దక్షిణానికి పోయి ఇంకో చోటు చూశాడు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు రాసిచ్చిన ఆ చోటే మద్రాసు. ఆ నాయకుడి పైన ఉన్న రాయలవారి రాజధాని ఏదనుకున్నారు? చంద్రగిరి. మనం ఆదివారం బైకులేసుకుని పోయి ఫోటోలు దిగే కోట!

అంటే వదిలేసిన రేవూ మన జిల్లాలోనే, కొత్తదానికి పైనున్న రాజధానీ మన జిల్లాలోనే. స్కూల్లో పదేళ్లు సోషల్ చదివాను, ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

2014 విభజన చట్టంలో దుగరాజపట్నం దగ్గర పెద్ద ఓడరేవు కడతామనీ, మొదటి దశ 2018కల్లా పూర్తి చేస్తామనీ రాశారు. ఒకపక్క పులికాట్ పక్షులు, ఇంకోపక్క శ్రీహరికోట రాకెట్లు, మధ్యలో ఓడలెలా అని అభ్యంతరాలొచ్చాయి. 2018 వెళ్లిపోయింది, రేవు రాలేదు.

రేవొస్తే కొడుక్కి ఇంటి దగ్గరే ఉద్యోగం దొరుకుతుందని మా రూమ్మేట్ వాళ్ల నాన్న ఇంకా అంటుంటాడంట. వాడు మాత్రం మొన్న చెన్నైలో ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేశాడు.