మంచు ఉంటే మాంసం చెడదా? ఎల్క్ వేటలో అపోహలు – వాస్తవాలు

అమెరికాలోని కొలరాడో, వయోమింగ్, మోంటానా రాష్ట్రాల్లో నవంబరు వచ్చేసరికి ఎల్క్ అనే పెద్ద జింక వేట మంచులో సాగుతుంది, ఆ మంచుతోపాటే వేటగాళ్ల శిబిరాల్లోకి ఏటా ఒక మాట దిగుతుంది: చీకటి వేళ జంతువు పడితే పేగులు తీసేసి వదిలిపెడితే చాలు, రాత్రంతా గడ్డకట్టే చలే కాబట్టి కొండంతా ఫ్రిజ్జే, తోలు ఒలవడం తెల్లవారాక చూసుకోవచ్చు. ఈ మాట నమ్మి మర్నాడు వెనక తొడలోకి కత్తి దించినవారికి పైపొర రాయిలా చల్లగా తగిలినా, తుంటి కీలు దగ్గర మాత్రం గోరువెచ్చగా, బూడిద రంగుకు తిరిగి పుల్లటి కంపు కొట్టే మాంసం కనిపిస్తుంది. ఎముకను ఆనుకుని మొదలయ్యే ఈ కుళ్లునే అక్కడివారు ‘బోన్ సోర్’ అంటారు. తినదగిన మాంసాన్ని వృథా చేయడం ఆ రాష్ట్రాల్లో చట్టరీత్యా నేరం గనుక, నష్టం వంటింటితో ఆగదు.

ఈ అపోహ బయటి గాలి చలిని లెక్కిస్తుందే తప్ప జంతువు లోపలి వేడిని లెక్కించదు. ఎదిగిన మగ ఎల్క్ 300 కిలోలకు పైగా తూగుతుంది, ప్రాణం పోయే క్షణానికి దాని ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది. పైన దళసరి తోలు, దానిమీద లోపల గాలి నిండిన బోలు వెంట్రుకలు, వాటి అడుగున మెత్తటి ఉన్ని ఉంటాయి. మంచులో పడుకున్న ఎల్క్ వీపుమీద మంచు కరగకుండా నిలిచేంతగా వేడిని లోపలే బంధించే ఈ కోటు, జంతువు చచ్చింది కదా అని తన పని మానుకోదు. పైగా మాంసం మందం రెట్టింపైతే లోపలి భాగం చల్లబడే కాలం దాదాపు నాలుగు రెట్లవుతుంది కాబట్టి, వెన్ను కండ చల్లబడినంత త్వరగా తొడ లోతు చల్లబడదు. నెమరువేసే జంతువుల మొదటి పొట్ట, అంటే రూమెన్, ప్రాణం పోయాక కూడా పులుస్తూ వేడిని, వాయువును పుట్టిస్తూనే ఉంటుంది కనుక, పేగులు సైతం తీయకుండా వదిలేసేవారి సంగతి చెప్పనక్కర్లేదు. కళేబరాన్ని మంచులో పూడ్చితే త్వరగా చల్లబడుతుందన్నది ఇంకో తెలివి; గుల్లగా పడిన మంచు వేడిని పోనివ్వని దుప్పటి అన్న సంగతి దానికి తట్టినట్టు లేదు.

కాబట్టి ఎంత చలి ఉన్నా, ఎంత రాత్రయినా, తోలు వెంటనే ఒలిచి, నాలుగు కాళ్లను కీళ్ల దగ్గర విడదీయాలి. పొట్ట చీల్చకుండానే ఒక పక్క తొడ, జబ్బ, వెన్ను కండ తీసుకుని, జంతువును రెండో పక్కకు తిప్పి మళ్లీ అదే చేసే పద్ధతి ఒంటరి వేటగాడికి ఎక్కువ అనువుగా ఉంటుంది. ముక్కలను గాలి ఆడే గుడ్డ సంచుల్లో వేసి కొమ్మకు వేలాడదీయాలి. ప్లాస్టిక్ సంచి వేడినీ తేమనూ కలిపి బంధిస్తుంది. ఎలుగుబంట్లు తిరిగే చోట ఆ కొమ్మ పేగులకూ మిగిలిన కళేబరానికీ కనీసం వంద గజాల దూరంలో ఉండాలి. ఈ పనంతా రాత్రే చేయాల్సి రావచ్చు కాబట్టి, వీపు సంచిలో ఖరీదైన జాకెట్టు కన్నా ముందు హెడ్‌ల్యాంపు, దాని అదనపు బ్యాటరీలు, పదునైన కత్తి, తాడు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

వెంటనే కోస్తే మాంసం గట్టిపడుతుందని వాదించే పాతకాపుల మాటలో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. చచ్చిన జంతువు కండలు కొన్ని గంటలకు బిగుసుకుంటాయి, ఆ దశ రాకముందే ఎముకనుంచి విడదీసిన కండ సుమారు 10 డిగ్రీల కిందికి చల్లబడితే కుంచించుకుపోయి నమలడానికి మొరాయిస్తుంది. అయితే దీనికి మందు తోలు ఉంచేయడం కాదు, కండను ఎముకమీదే ఉంచడం. ఎముక కండను కుంచించుకుపోనివ్వదు.

మిగతా నమ్మకాలకు ఇంత చోటు అనవసరం. విస్కీ ఒంటిని వెచ్చబెట్టదు, చర్మంలోని రక్తనాళాలను వ్యాకోచింపజేసి లోపలి వేడిని బయటికి పంపుతుంది. బూటులో రెండో సాక్సు ఇరికిస్తే రక్తప్రసారం తగ్గి కాలివేళ్లు ఇంకా చల్లబడతాయి. గుడారపు వెచ్చదనంలో పెట్టిన తుపాకీకి తేమ పట్టి, బయటికి తేగానే ఆ తేమ గడ్డకడుతుంది కాబట్టి దాన్ని చలిలోనే ఉంచాలి. ఉన్నవన్నీ తొడుక్కుని కొండెక్కేవారు పైకి చేరేసరికి చెమటతో తడిసి, కూర్చున్న కాసేపటికే వణుకుతారు. పలుచని మెరినో ఉన్నితో ఎక్కి, మందపాటి జాకెట్టు సంచిలోంచి పైన తీసి తొడుక్కోవడమే పద్ధతి, లోపలి బనియను నూలుది కాకూడదు. నీళ్ల సీసా పైనుంచి గడ్డకడుతుంది గనుక దాన్ని తలకిందులుగా పెట్టాలి.

తుపాకీ సీజన్లలో కొలరాడోలో నడుము పైభాగాన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగో, 2016 నుంచి అనుమతించిన గులాబీ రంగో, అదే రంగు టోపీతో సహా తప్పనిసరి. మంచులో కలిసిపోయే తెల్లకోటు ఎల్క్‌తోపాటు తోటి వేటగాడినీ మోసగిస్తుంది. రాత్రివేళ హడావుడిగా కోసేటప్పుడు జంతువు ఆడదో మగదో తెలిపే అవయవాన్ని సహజంగా అంటుకుని ఉన్నట్టే మాంసంతో ఉంచాలన్న కొలరాడో నిబంధనను మరిచిపోయేవారు చాలామంది, కాబట్టి మొదటి వెనక తొడను విడదీసేటప్పుడే ఆ భాగాన్ని దానికి వదిలి, ఆ తొడను వేరే సంచిలో గుర్తు పెట్టి ఉంచుకోవడం మేలు.