ఎల్ల దాటుటకు ముందు ఎరుక

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని లోకము చెప్పుకొను కాలమున, 1830లో చెన్నపట్టణము విడిచి, పదునైదు నెలలకు పైగా ఉత్తర దేశము తిరిగి, 1831లో క్షేమముగా ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన 'కాశీయాత్ర చరిత్ర'లో మజిలీ మజిలీకిని దూరమెంత, దిగుటకు వసతి గలదా, మంచినీరు దొరకునా, అంగళ్లున్నవా, దారి ఎట్టిది అను సంగతులను ఓపికతో వ్రాసి పెట్టెను. లోకము కాశియాత్ర అంతటికిని కలిపి ఒక్క భయము పడుచుండగా, ఆయన ఆ భయమును మజిలీలుగా విడదీసి, దేనికి దానికి తగిన ఏర్పాటు చేసికొనెను.

నేడు శంషాబాదున విమానమెక్కినవాడు పూట గడువక ముందే దుబాయిలో దిగుచున్నాడు. ప్రయాణము శీఘ్రమైనది గాని, ప్రయాణమునకు ముందు మన ఇండ్లలో వినవచ్చు ప్రశ్న మొద్దుబారినది. "ఆ దేశము మంచిదేనా? గొడవలేమియు లేవు గదా?" అని అడిగి, పక్కింటివారి అల్లుడో, మేనమామ కొడుకో "ఏమీ భయము లేదు" అనగానే టికెట్టు తీసికొనుచున్నాము. ఈ ప్రశ్నకు సరియైన సమాధానమును ఎవరును చెప్పజాలరు. ఏలయన అపాయము దేశమునకు అంటుకొని యుండు గుణము కాదు. పోవువారెవరు, ఏ యూరికి, ఏ మాసమున, ఏ పని మీద, ఎవరి మాట నమ్మి పోవుచున్నారు అను అయిదింటి కలయికలో అది పుట్టును. కొడుకు నొద్దకు డల్లాసు పోవు డెబ్బది యేండ్ల తల్లికిని, అదే నగరమున అర్ధరాత్రివేళ పెట్రోలుబంకు దుకాణములో పని చేయు విద్యార్థికిని దేశమొక్కటే, అపాయములు వేరు.

హెచ్చరికలను చదువు విధము

అమెరికా విదేశాంగ శాఖ 2018 నుండి ఆయా దేశములకు నాలుగు స్థాయిల హెచ్చరికలను ప్రకటించుచున్నది. మొదటిదానికి మామూలు జాగ్రత్త చాలును; రెండవదానికి అంతకు మించినది వలయును; మూడవది పునరాలోచింపుమనును; నాలుగవది పోవలదనును. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా ప్రభుత్వములును ఇట్టివే వెలువరించుచున్నవి. మన విదేశాంగ శాఖయు, రాయబార కార్యాలయములును ఉపద్రవము పొడసూపినప్పుడు సూచనలు జారీ చేయును. వీనిని చదువ నేర్చుటకు చక్కని ఉపాయమొకటి కలదు: మన దేశమును గూర్చి పరులేమి వ్రాసిరో ముందుగా చూడవలెను. అమెరికావారి పత్రము భారతదేశమును రెండవ స్థాయిలో నుంచి, జమ్మూ కాశ్మీరము మొదలగు ప్రాంతములకు పోవలదని చెప్పుచు, మావోయిస్టుల కారణమున తూర్పు మహారాష్ట్ర, ఉత్తర తెలంగాణములు మొదలుకొని పశ్చిమ వంగము వరకు గల గ్రామసీమలను సైతము ఏండ్ల తరబడి పేర్కొనుచు వచ్చినది.

కరీంనగరమున నిత్యము బజారుకు పోయి వచ్చు మనిషి దీనిని చదివి నవ్వుకొనవచ్చును. ఆ నవ్వులోనే రెండు పాఠములున్నవి. స్థాయిని తెలుపు అంకె దేశమంతటికి కట్టిన సగటు. ప్రాంతముల వారీగా వ్రాసిన వివరమే అందు సారభూతము. మరియు ఆ పత్రము వారి పౌరుని కొరకు, ఆపద వచ్చినచో అక్కడ తమ ఉద్యోగులు ఆదుకొనగలరా యను లెక్కతో వ్రాయబడినదే గాని స్థానికుని నిత్యజీవనమును వర్ణించుటకు కాదు. కావున అంకెను చూచి బెదరుటయు, అంకెను చూచి ధీమా పడుటయు సమానమైన పొరపాట్లే.

వార్తలకెక్కని ఆపదలు

యుద్ధములును బాంబు ప్రేలుళ్లును మన మనస్సున ముందుగా మెదలును. రహదారియు జలాశయమును మెదలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన నివేదిక ననుసరించి, లోకమున ఏటా సుమారు 11.9 లక్షల మంది రోడ్డు ప్రమాదములలో మరణించుచున్నారు. 5 నుండి 29 ఏండ్ల వయస్సువారిలో మరణమునకు ప్రథమ కారణము ఇదియే. మనము రోడ్డునకు ఎడమ వైపున నడుచు వాహనముల నడుమ పెరిగినవారము గనుక, దాటునపుడు తల మొదట కుడికి తిరుగును. అమెరికాలోను, గల్ఫ్ దేశములలోను, యూరపులో పెక్కు చోట్లను వాహనము ఎడమ నుండి వచ్చును. చూపు తిరిగిన దిక్కు ఖాళీగా ఉన్నది గదా యని అడుగు వేసినవాడు రెండవ దిక్కును చూచునంతలో కారు మీదికి వచ్చును. బుద్ధికి తెలిసిన సంగతి మెడకు తెలియుటకు కొన్ని దినములు పట్టును. దీర్ఘమైన విమానయానము ముగించి, నిద్ర లేని కన్నులతో విమానాశ్రయముననే అద్దె కారు తీసికొని తెలియని హైవే నెక్కుట, మనము భయపడు అనేక విషయములకన్న నిజముగా భయపడదగినది.

నీటి సంగతియు నిట్టిదే. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండులోని లిన్ ఆఫ్ టమ్మెల్ అను జలపాతముకడ ఆంధ్రప్రదేశమునకు చెందిన ఇద్దరు విద్యార్థులు నీట మునిగి మరణించిరి. గోదావరిలోనో, ఊరి బావిలోనో ఈత నేర్చినవానికి శీతల దేశముల నీటి స్వభావము తెలియదు. మంచువంటి నీటిలో హఠాత్తుగా పడిన శరీరము తనకు తానే ఎగశ్వాస తీయును. తల నీటిలో నుండగా ఆ శ్వాస వచ్చినచో నీరు లోనికి పోవును. ఈత నేర్పునకు అవకాశమే రాదు. సముద్రతీరమున, ఇరుప్రక్కల తెల్లని నురుగుతో అలలు విరుగుచుండగా నడుమ అలలు లేని ఒక పాయ నల్లగా, శాంతముగా కనబడును. తెలియనివాడు స్నానమునకు అదే మేలని దిగును. ఒడ్డునకు వచ్చిన నీరంతయు తిరిగి లోనికి పరుగెత్తు దారి అది. దానికి ఎదురీదక, తీరమునకు సమాంతరముగా ఈది ఆ పాయనుండి తప్పుకొనవలెను. ఆస్ట్రేలియా తీరములలో ఎరుపు పసుపు జెండాల నడుమనే దిగవలెనను నియమము ఇందులకే ఏర్పడినది.

పెట్టెలోని నేరము

దుబాయిలో నున్న కొడుకునకు తల్లి కట్టి పంపు మసాలా పొట్లములో గసగసాలుండును. అవి గంజాయివంటి మత్తుపదార్థమని ఆమె కలలోనైన తలపదు; కాని అవి నల్లమందు మొక్క విత్తనములు గనుక యు.ఏ.ఇ., సౌదీ అరేబియాలలో నిషిద్ధములు. మన మందుల దుకాణములలో తేలికగా దొరకు దగ్గుమందులలో కొన్నిటియందుండు కోడీనును, నొప్పి మాత్రలలోని ట్రమడాలును అక్కడ కఠిన నియంత్రణకు లోబడినవి. తీసికొనిపోవలసి వచ్చినవారు వైద్యుని చీటీతో ఆ దేశపు సంబంధిత అధికారులనుండి ముందుగా అనుమతి పొందవలెను. జపానులో సూడోఎఫిడ్రిను ఎక్కువ పాళ్లలో నుండు జలుబు మాత్రలకును నిషేధము కలదు. కావున బ్రాండు పేరు చాలదు. ఔషధము అసలు పేరుతో వ్రాసిన చీటీ వలయును.

ఇక "మా వాడికి ఈ పచ్చడి డబ్బా ఇచ్చెదరా?" యని విమానమెక్కు ముందు రోజు తెచ్చి ఇచ్చు మూతిగట్టిన పొట్లముల మాట. మొగమాటమునకు పోయి విప్పక పెట్టెలో పెట్టుకొన్నవాడు, అందులో నున్నదానికి తానే బాధ్యుడగును. విప్పి చూచి, తన చేతులతో మరల కట్టుట అమర్యాద కాదు. అందుకు నొచ్చుకొనువారి పొట్లమును తీసికొనకుండుటయే మేలు.

పెట్టెలోని వస్తువులవలెనే టీకా పత్రమును ముందుగా చూచుకొనవలసినదే. కెన్యావంటి ఆఫ్రికా దేశములకు పోవువారు పీతజ్వరము (ఎల్లో ఫీవర్) టీకాను కనీసము పది దినములు ముందుగా వేయించుకొనవలెను. అట్టి దేశమునుండి టీకా ధ్రువపత్రము లేక తిరిగి వచ్చినవారిని మన విమానాశ్రయముననే ఆరు దినముల వరకు క్వారంటైనులో నుంచవచ్చును. ఒకసారి పొందిన పత్రము 2016 నుండి జీవితాంతము చెల్లుచున్నది. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేయుదురు.

కాగితములలో దాగిన ఆపద

విహారమునకు పోవువానికి రోడ్డెంతటిదో, బ్రతుకుదెరువునకు పోవువానికి కాగితమంతటిది. నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల గ్రామములనుండియు, కడప, కోనసీమలనుండియు గల్ఫునకు పోవువారి నోళ్లలో ఆజాద్ వీసా, కఫీల్ (పని యిచ్చు పూచీదారు), అకామా (నివాస అనుమతి పత్రము), ఖల్లివల్లి (పత్రములు లేక చట్టవిరుద్ధముగా నిలిచినవాడు) అను మాటలు నిత్యము నలుగుచుండును. ఒక కఫీల్ పేర వీసా కొనుక్కొని, బయట ఇష్టమైనచోట పని చేసికొనవచ్చునని ఏజెంటు చెప్పునదే ఆజాద్ వీసా. పేరు స్వేచ్ఛను సూచించును గాని చట్టమున అట్టి వీసా లేనే లేదు. వేరొకచోట పని చేయుచు పట్టుబడిన దినమున అతడు ఖల్లివల్లి. జీతము ఎగగొట్టిన యజమానిపై ఫిర్యాదు చేయుటకును అతనికి ధైర్యము చాలదు.

ఇక్కడ పరీక్ష సులభము, కాని దానిని చేయువారు తక్కువ. 1983 ఎమిగ్రేషన్ చట్టము ప్రకారము లైసెన్సు గల ఏజెంట్ల పట్టిక ఈ-మైగ్రేట్ పోర్టలులో నున్నది. సబ్ ఏజెంటు చూపు పేరు అందున్నదా యని చూడవలెను. లైసెన్సుదారుడు పుచ్చుకొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగినచో అది రుసుము కాదు. పదవ తరగతి గట్టెక్కనివారు గల్ఫ్ దేశములతో సహా 18 దేశములకు ఉద్యోగమునకై పోవునపుడు ఎమిగ్రేషన్ క్లియరెన్సు పొందవలెను. వారికి 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేండ్లకు 275 రూపాయలకే లభించును. ఈ మార్గమును తప్పించి విజిట్ వీసాపై పంపెదమను ఏజెంటు, ఆ రక్షణలన్నిటిని ఒక్క మాటతో తప్పించుచున్నాడు.

చదువుకొన్నవారికి ఈ చిక్కు లేదనుకొనుట భ్రమ. థాయిలాండులో కంప్యూటరు ఉద్యోగమని నమ్మి బ్యాంకాకులో దిగినవారిని సరిహద్దు దాటించి మయన్మారులోని మ్యావడ్డీ సీమకు తరలించి, సైబరు మోసములు చేయించుచున్నారని మన విదేశాంగ శాఖ 2022లోనే హెచ్చరించెను. కంబోడియాలో ఇట్లే చిక్కిన ఆంధ్ర యువకుల వ్యవహారమును 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిరి. ఈ కథలలో ఆనవాలొకటి సమానము: ఉద్యోగము ఘనము, ఇంటర్వ్యూ స్వల్పము, వీసా పర్యాటకునిది.

తిరుగు దారి

పోవు దారిని గూర్చి ఇంత విచారించువారును తిరుగు దారిని గూర్చి తలపరు. ఉక్రెయినులోని మన రాయబార కార్యాలయము 2022 ఫిబ్రవరి 15న, అక్కడ నుండుట తప్పనిసరి కానివారు, విశేషించి విద్యార్థులు, తాత్కాలికముగా వెడలిపోవుట మేలని సూచించెను. యుద్ధము 24వ తేదీన ఆరంభమయ్యెను. నడుమ తొమ్మిది దినములున్నను, తరగతులు జరుగుచున్నవనియు, టికెట్టు ధర హెచ్చినదనియు, తోటివారు కదలలేదనియు వేలమంది నిలిచిపోయిరి. తరువాత మన ప్రభుత్వము జరిపిన 'ఆపరేషన్ గంగ' అను తరలింపు మొదలగు ప్రయత్నములతో సుమారు 22,500 మంది స్వదేశము చేరిరి. కాని పెక్కుమంది సరిహద్దు వరకు ప్రాణములరచేత బెట్టుకొని పోవలసి వచ్చెను. విద్యార్థులను తప్పుపట్టుటకు లేదు. ఆపద ముంచుకొచ్చువేళ ఎవరికైనను నిర్ణయము కష్టమే. అందువలననే ఏ సూచన వెలువడినచో మారు మాటాడక బయలుదేరవలెనో, ఆ ఖర్చునకు సొమ్మెక్కడిదో ఇంటనున్నప్పుడే నిశ్చయించుకొనవలెను.

బీమాయును తిరుగు దారిలో భాగమే. అమెరికా పోవు తల్లిదండ్రులకు చౌకగా వచ్చు పాలసీలలో కొన్ని ఒక్కొక్క చికిత్సకు ఇంతేయని పరిమితి విధించును. అక్కడి ఆసుపత్రి బిల్లు ఆ పరిమితి నెరుగదు. వెనుకటినుండి ఉన్న బీపీ, చక్కెర, గుండె జబ్బులకు ఎంతవరకు వర్తించునో, అధికారులు పోవలదన్న ప్రాంతమునకు పోయినచో చెల్లునో చెల్లదో, పాలసీ మొదటి పుటకన్న మినహాయింపుల పుటలోనే తెలియును. పాసుపోర్టు నకలు, బీమా సంఖ్య, ఏజెంటు లైసెన్సు సంఖ్య, బస చిరునామా, రాయబార కార్యాలయపు ఫోను నంబరు గల కాగితమొకటి ఇంటివారి చేతనుండవలెను. ఫిర్యాదునకు మన విదేశాంగ శాఖవారి 'మదద్' పోర్టలు కలదని వారికిని తెలిసియుండవలెను.

ఈ విచారణకంతటికిని ఒక నియమమే ప్రాణము. అది అడ్వాన్సు చెల్లించుటకు ముందు జరుగవలెను. సొమ్ము కట్టి, బంధువులకు చెప్పి, అప్పు చేసి, వీడ్కోలు విందు ముగిసిన పిదప చేయు విచారణ ఏమి తేల్చినను ప్రయాణము ఆగదు. అప్పుడు మనము సాక్ష్యమును తూచక, చేసిన నిర్ణయమునకు సమర్థన వెదకుదుము. వలదని చెప్పు స్వేచ్ఛ మిగిలియున్నంతవరకే దానికి విచారణ యని పేరు. అట్టి విచారణ చేసినవారిలో అధికులు నిశ్చింతగా పోయి వత్తురు. కొందరు ఊరు మార్చుకొందురు, కొందరు నెల మార్చుకొందురు, ఒకరిద్దరు మానుకొందురు. మానుకొన్నవారిని పిరికివారని లోకమనుకొనిన అనుకొననిండు. అప్పు పత్రము మీద సంతకము చేయవలసినది లోకము కాదు గదా.