పాత వరుసయిండ్లలో హీటు పంపు

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున మా చెల్లెలు కాపురముండు ఇల్లు నూఱేండ్లు దాటిన ఇటుకల కట్టడము. ఇట్టి వానిని అచ్చట రోహౌసులందురు. ఇరుప్రక్కల గోడలును పొరుగువారితో ఉమ్మడి. గాలి వెలుతురులకు ముందు వెనుకలే దారి. గత చలికాలమున ఆమె పురిటికై మేమచ్చటి కేగితిమి. నేలమాళిగలోని ముసలి గ్యాసు బాయిలరు పురిటిగదిని వెచ్చజేయలేకపోయెను. చంటిబిడ్డను కంబళిలో చుట్టి, రాత్రులెల్ల ఒడిలోనే ఉంచుకొంటిమి.

కడకు హీటు పంపు పెట్టింప నిశ్చయించిరి. ఇది అగ్నిని మండించి వేడిని పుట్టించునది కాదు; ఉన్న వేడిని తెచ్చునది. మన వంటయింటి ఫ్రిజ్జు లోపలి వేడిని వెలుపలికి నెట్టును గదా! ఇది బయటిగాలిలోని వేడిని ఇంటిలోనికి చేర్చును. మంచు కురియు గాలిలోను కొంత వేడి యుండును. అతి శీతలమందును మఱగునట్టి ద్రవమొకటి గొట్టములలో తిరుగుచు దానిని గ్రహించును. కావున ఒక పాలు విద్యుత్తునకు సాధారణముగా రెండు మూడు పాళ్ల వేడి లభించును. వేసవిలో ఈ యంత్రమే తలక్రిందుగా నడచి ఇంటిని చల్లబఱచును.

మొదట వచ్చిన పనివాడు ఇంటి వైశాల్యము మాత్రమడిగి, పెద్ద యంత్రము కావలెననెను. రెండవవాడు గదిగదియు కొలిచి, కిటికీ సందులకు చేయి యొడ్డి చూచెను. ప్రక్కయిండ్లు వెచ్చగానే యుండును గనుక ఉమ్మడిగోడల గుండ పోవు వేడి స్వల్పమనియు, పైకప్పునుండియు కిటికీలనుండియు పోవునదే హెచ్చనియు తెలిపెను. ముందు సందులు పూడ్పించి, కప్పుక్రింద వేడి నిలుపు పొర పఱపించిరి. పిమ్మట చిన్నయంత్రమే చాలెను. మితిమీఱిన యంత్రము మాటిమాటికి ఆగుచు నడచుచు నుండును. వేసవిలో తేమను సరిగా తీయదు.

గాలిగొట్టములు లేని ఇండ్లలో గోడకు సుమారు 3 అంగుళముల రంధ్రము చేసి, లోపలి పెట్టెను వెలుపలి పెట్టెతో కలుపుదురు. వెలుపలిదానిని పెరటిలోనో, చదునైన మిద్దెపైనో ఉంతురు. చారిత్రక గృహముగా నమోదైన ఇంటి వెలుపలి మార్పులకు ఆ నగరపు హిస్టారికల్ కమిషన్ పరిశీలన కావలెను. కొన్ని పాతయిండ్లకు 60 లేక 100 ఆంపియర్ల విద్యుత్తే వచ్చును; అది చాలునో లేదో ఎలక్ట్రీషియనుచే ముందే చూపించుకొనవలెను.

కాండోలలో చిక్కు వేఱు. అందు వెలిగోడలును కప్పును సాధారణముగా అందఱి సొత్తు. పెట్టె యెచ్చట నుండునో, నీరెటు కాఱునో, చప్పుడెవరి పడకగదికి వినవచ్చునో వివరించి, సంఘమువారి అనుమతి వ్రాతమూలముగా పొందవలెను. గోడ తొలువ వీలులేనిచో కిటికీపై కూర్చుండు యంత్రములు గలవు. న్యూయార్కులోని వుడ్‌సైడ్ హౌసెస్‌లో 2023లో ఇట్టివానిని పెట్టి పరీక్షించిరి. ఇవి మామూలు ప్లగ్గుతోనే నడచును.

ఖర్చు మాట దాచరాదు. చమురు మండించు ఇంటివారికి లాభము తఱచు కలుగును. గ్యాసు చవుకయై విద్యుత్తు ప్రియమైన చోట బిల్లు తగ్గకపోవచ్చును. అమెరికా ప్రభుత్వమిచ్చిన 30 శాతము పన్ను రాయితీ, 2,000 డాలర్ల పరిమితితో, 2025 డిసెంబరు 31తో ముగిసినది. రాష్ట్రమువారి సాయమును, విద్యుత్ కంపెనీల సాయమును విచారించుకొనవలెను.

మేము తిరిగి బయలుదేఱునాటికి యంత్రము నడచుచుండెను. ఆ రాత్రి బిడ్డ తన తొట్టిలో తానే నిదురించెను. ఆ దేశములందు సంసారము చేయుచున్న మన ఆడపడుచులకు మేము చెప్పునది యొక్కటే: యంత్రము బేరమాడుటకు ముందు ఇంటి సందులు పరికింపుడు, గోడకు రంధ్రము చేయుటకు ముందు పొరుగువారితో మాటలాడుడు.