గడప దగ్గర ఆగిన చక్రం

పాచిపెంట మన్యంలో డోలీ అంటే తెలియనివాళ్లుండరు. బలమైన కర్ర, దానికి కట్టిన దుప్పటి, చెరోవైపు భుజం కాసే మనుషులు. బండి వెళ్లని గూడేల నుంచి రోగులను, నిండు చూలాళ్లను కిందికి దించేది అదే. డోలీకి రోడ్డు అక్కర్లేదు, గడప అడ్డం కాదు. లోటల్లా ఒకటే: అందులో కూర్చున్న మనిషి తనంతట తాను అడుగు దూరం కూడా పోలేడు.

చక్రాల కుర్చీ కూడా మొదట్లో ఇలాగే ఉండేది. 1595లో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ కోసం చేసిన కుర్చీకి కాళ్ల కింద చిన్న చక్రాలున్నాయి గానీ, తొయ్యడానికి సేవకులుండాల్సిందే. 1655లో జర్మనీలోని న్యూరెంబర్గ్ దగ్గర స్టీఫన్ ఫార్‌ఫ్లర్ అనే గడియారాల పనివాడు ఈ కథ మార్చాడు. కాళ్లు పనిచేయని ఆ యువకుడు తన కోసం మూడు చక్రాల బండి చేసుకున్నాడు. చేతులతో పిడులు తిప్పితే పళ్లచక్రాలు కదిలి ముందుచక్రం నడిచేది. ఇవాళ మన వీధుల్లో కనిపించే చేతితో తిప్పే ట్రైసైకిల్‌కు అది తాతలాంటిది.

ఇప్పుడు మనం చూసే మడత కుర్చీ మాత్రం 1930లలో అమెరికాలో రూపు దిద్దుకుంది. 1918లో గని కూలి నడుము విరిగిన ఇంజనీరు హెర్బర్ట్ ఎవరెస్ట్, ఆయన మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్ కలిసి ఉక్కు గొట్టాలతో దాన్ని తయారుచేశారు. సీటు కింద కత్తెరలా అమర్చిన రెండు కడ్డీల వల్ల కుర్చీ మడతపడి కారులో ఇమిడిపోయింది. ఊరు దాటింది. తీరా ఇంటి ముందుకొచ్చాక ఆగిపోయింది.

ఎందుకంటే, చక్రం తన వ్యాసార్ధం కంటే ఎత్తైన అంచును దొర్లుతూ ఎక్కలేదు. వెనక చక్రాలు ఎంత పెద్దవైనా ముందుండే చిన్న చక్రాలు మెట్టుకు తగిలి మొరాయిస్తాయి. పసుపు కుంకుమలు పెట్టే గడప రెండు మూడంగుళాలే ఉండవచ్చు. ఒంటరిగా వచ్చినవాడికి అదీ గోడే.

దీనికి మందు సాలూరు నుంచి సుంకి వైపు ఎక్కే ఘాట్ రోడ్డులోనే ఉంది. కొండ ఎత్తు తగ్గించలేం గనక ఆ రోడ్డు వంపులు తిరుగుతూ దూరాన్ని పెంచుకుంటుంది. ర్యాంపుదీ అదే లెక్క. ఎంత వాలు పనికొస్తుందన్నది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో టిమ్ నూజెంట్ ఆధ్వర్యంలో పరిశీలించారు. ఆ కృషితో 1961లో అమెరికాలో మొదటి ప్రమాణం వెలువడింది: అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు. మనిషీ కుర్చీ కలిపి 80 కిలోలనుకుంటే, ఈ వాలు మీద సుమారు ఆరున్నర కిలోల బరువును లాగేంత బలం చాలు. నాలుగడుగులకే అడుగు ఎత్తు లేపితే ఆ బరువు 19 కిలోలు దాటుతుంది.

ఇక్కడే మన్యం ఇంటికి చిక్కొస్తుంది. వాననీళ్లు, పురుగూ పుట్రా ఇంట్లోకి రాకుండా బేస్‌మట్టం ఎత్తుగా లేపుతారు. అడుగున్నర లేపితే ర్యాంపు పద్దెనిమిది అడుగులు పోవాలి. గూడెంలో అంత వాకిలి ఎక్కడిది?

చట్టం ఈ ప్రశ్న దాకా రాలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలంది. అదే ఏడాది కేంద్రం విడుదల చేసిన నమూనా నిర్మాణ నిబంధనల్లో ర్యాంపు వాలు, 90 సెంటీమీటర్ల తలుపు, 12 మిల్లీమీటర్లు మించని గడప అన్నీ ఉన్నాయి. అయితే అవి బడి, ఆఫీసు, అంగడి వంటి పెద్ద భవనాలకే. నివాస గృహాలకు వర్తించవని అందులోనే రాశారు.

బ్రిటన్ 1999లో ఈ గీత దాటింది. కొత్తగా కట్టే ఇళ్లకూ మెట్టులేని ప్రవేశాన్ని నిబంధనల్లో చేర్చింది. అమెరికాలోని అట్లాంటాలో ఎలినార్ స్మిత్ అనే మహిళ, పోలియో వల్ల తానూ చక్రాల కుర్చీ వాడుతూ, 1987లో ఉద్యమం మొదలుపెట్టారు. ఆమె అడిగినవి కొన్నే: మెట్టులేని ద్వారం ఒకటి, కుర్చీ పట్టే తలుపులు, కింది అంతస్తులో ఓ మరుగుదొడ్డి. 1992లో నగరం ఒప్పుకుంది. ప్రభుత్వ సాయం అందుకునే ఇళ్లతోనే మొదలుపెట్టింది.

ఆ పద్ధతి పాచిపెంటకు దగ్గరిది. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కింద అత్యంత వెనుకబడిన గిరిజన తెగలకు ఇంటికి 2 లక్షల రూపాయలిస్తున్నారు. ఇక స్థలం సంగతి: కొండవాలులో కట్టిన ఇంటికి దిగువ వైపు పునాది ఎంత ఎత్తున్నా, ఎగువ వైపు నేల బేస్‌మట్టానికి దగ్గరగా ఉంటుంది. ద్వారం అటు పెడితే పద్దెనిమిది అడుగుల ర్యాంపు నాలుగైదడుగులకు తగ్గవచ్చు. పైనుంచి జారే నీటికి గుమ్మం ముందు అడ్డంగా చిన్న కాలువ తీసి, మీద ఇనుప జాలీ పరిస్తే వాన లోపలికి రాదు, చక్రమూ దిగబడదు. మామూలు కుర్చీ వెడల్పు రెండడుగులకు కాస్త ఎక్కువ. మరుగుదొడ్డికి రెండడుగుల తలుపు పెట్టే అలవాటును మూడడుగులకు మార్చాలి. ముగ్గు పోసి పునాది గీత గీసే రోజు ఇదంతా మేస్త్రికి ఒక మాటతో అయ్యే పని. గోడలు లేచి శ్లాబు పడ్డాక మాత్రం సుత్తి, సిమెంటు, మళ్లీ కూలి.