అవయవ మార్పిడిలో తిరస్కరణ నివారణకు ఎముక మూలుగ

మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయిన రోగికి మార్పిడి శస్త్రచికిత్స పునర్జన్మ వంటిది. అయితే శస్త్రచికిత్సతోనే చికిత్స ముగియదు. అమర్చిన అవయవాన్ని శరీరం పరాయిదిగా భావించి దాడి చేయకుండా, రోగనిరోధక శక్తిని అణచివేసే మందులను రోగి జీవితాంతం వాడవలసి ఉంటుంది. వీటి వల్ల అంటువ్యాధులు, మధుమేహం, అధిక రక్తపోటు, కొన్ని రకాల క్యాన్సర్లు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వంటి మందులు కాలక్రమంలో అమర్చిన మూత్రపిండాన్నే దెబ్బతీయగలవు. ఖర్చు భరించలేక మందులు మానివేసినచో అవయవమే చేజారిపోతుంది. ఈ సమస్యకు పరిష్కారంగా, అవయవంతోపాటు దాత ఎముక మూలుగను కూడా రోగికి ఎక్కించే విధానంపై పరిశోధనలు జరిగాయి.

తిరస్కరణ ఎందుకు?

రక్తకణాలన్నీ ఎముక మూలుగలో పుడతాయి. వాటిలో టీ కణాలు ఛాతీలోని థైమస్ గ్రంథికి చేరి, స్వంత కణాలను, పరాయి కణాలను వేరుగా గుర్తించడం నేర్చుకుంటాయి. స్వంత కణజాలంపై దాడికి దిగే టీ కణాలు అక్కడే చాలావరకు నశిస్తాయి. దాత మూలుగ కణాలు రోగి శరీరంలో స్థానం సంపాదించినచో, దాత కణజాలాన్ని కూడా స్వంతమైనదిగా స్వీకరించేలా నిరోధక వ్యవస్థను మలచవచ్చునన్నది ఈ విధానానికి మూలసూత్రం.

పూర్వరంగం

తల్లి గర్భంలో రక్తప్రసరణను పంచుకున్న కవల దూడలలో ఒకదాని రక్తకణాలు మరొకదానిలో శాశ్వతంగా నిలిచి ఉంటాయని 1945లో అమెరికా శాస్త్రవేత్త రే ఓవెన్ వెల్లడించారు. 1953లో బ్రిటన్‌కు చెందిన పీటర్ మెడవార్, ఆయన సహచరులు బిల్లింగ్‌హామ్, బ్రెంట్ పిండదశలో ఉన్న ఎలుకలకు పరాయి కణాలను ఎక్కించగా, అవి పెరిగిన తర్వాత ఆ దాత చర్మాన్ని తిరస్కరించలేదు. ఈ సహన సిద్ధాంతానికి మెడవార్, ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బర్నెట్‌లకు 1960లో నోబెల్ బహుమతి లభించింది. ఈలోగా 1954లో బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మర్రే ఏకరూప కవలల మధ్య మూత్రపిండాన్ని విజయవంతంగా మార్పిడి చేశారు. కణజాలం ఒక్కటే కావడంతో అక్కడ తిరస్కరణ సమస్య తలెత్తలేదు.

బోస్టన్ ప్రయోగం

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు ఈ పద్ధతిని తొలుత 1998లో, మైలోమా అనే మూలుగ క్యాన్సర్‌తోపాటు మూత్రపిండాలు విఫలమైన రోగికి, కణజాలం సరిపోలిన దాత సహాయంతో అమలు చేశారు. తదుపరి దశలో కణజాలం సగమే సరిపోలిన దాతల నుండి మూత్రపిండం, మూలుగ రెండింటినీ స్వీకరించారు. ముందుగా సైక్లోఫాస్ఫమైడ్ మందు, టీ కణాలను తగ్గించే యాంటీబాడీ, థైమస్ గ్రంథికి రేడియేషన్ ఇచ్చి రోగి శరీరాన్ని సిద్ధం చేశారు.

ఫలితాలు 2008 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడ్డాయి. అయిదుగురు రోగులలో ఒకరు తిరస్కరణ వల్ల మూత్రపిండాన్ని కోల్పోయారు. మిగిలిన నలుగురికి 9 నుండి 14 నెలలలో మందులన్నీ ఆపివేయగా, వారి మూత్రపిండాలు 2 నుండి 5 సంవత్సరాలకు పైగా చక్కగా పనిచేసినట్లు నివేదించారు. దాత రక్తకణాలు కొద్ది వారాలకే కనుమరుగైనప్పటికీ సహనం కొనసాగడం విశేషం. సహనాన్ని నిలపడంలో అమర్చిన మూత్రపిండానికి కూడా పాత్ర ఉందని పరిశోధకులు భావించారు.

పరిమితులు

పది మంది రోగుల దీర్ఘకాలిక ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ఏడుగురు కనీసం నాలుగు సంవత్సరాలు మందులు లేకుండా గడిపారు. అయితే వారిలో ముగ్గురికి తర్వాత మందులను తిరిగి ప్రారంభించవలసి వచ్చింది. శరీరాన్ని సిద్ధం చేసే చికిత్స వల్ల రక్తకణాలు తగ్గి, అంటువ్యాధుల ప్రమాదం ఉంటుంది. దాత మూలుగలోని కణాలు రోగి శరీరంపైనే దాడి చేసే అవకాశాన్ని కూడా గమనించవలసి ఉంటుంది. ముందస్తు చికిత్స అవసరమైనందున ఈ పద్ధతి ప్రధానంగా సజీవ దాతలు గల రోగులకే అనువైనది. మరణించిన దాత నుండి అవయవం ఎప్పుడు లభించేదీ ముందుగా తెలియదు.

మన దేశంలోనూ అహ్మదాబాద్‌లో డాక్టర్ హెచ్.ఎల్. త్రివేది బృందం దాత మూలకణాల ద్వారా సహనాన్ని సాధించే దిశగా కృషి చేసింది. అయినప్పటికీ ఇది ఇంకా సాధారణ చికిత్సగా స్థిరపడలేదు. ఈ వార్తలు చదివి రోగులు స్వంతంగా మందులు మానివేయడం అత్యంత ప్రమాదకరం. పరిశోధనలో పాల్గొన్న రోగులకు సైతం వైద్యుల నిరంతర పర్యవేక్షణలో, నెలల తరబడి పరీక్షించిన పిదపనే మందులను క్రమంగా తగ్గించారన్నది గుర్తుంచుకోవలసిన విషయం.